కాగితం ముందు, విత్తనం వెనక



నేను పావగడ తాలూకా అరసికెరె వాణ్ణి. అరసికెరె అనగానే చాలామంది హాసన్ జిల్లాలోని రైలు జంక్షన్ అనుకుంటారు. అది వేరే ఊరు. మాది తుమకూరు జిల్లా చివరంచున, ఎటు కొంతదూరం పోయినా ఆంధ్ర పొలిమేర తగిలే తావు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పొలం పహణీ కన్నడంలో ఉంటుంది. ఆ పొలం గట్టున కూచుని చెప్పుకునే కష్టసుఖాలు తెలుగులో ఉంటాయి. ఇట్లా రెండు భాషల నడుమ బతికే మాకు ఒక్కోసారి ఒక్క మాట తప్పుగా అర్థమైతే చాలు, కొంప మునుగుతుంది. ఈ రోజు అట్లాంటి ఒక మాట గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ఆ మాట జనపనార.

పోయిన వేసవిలో ఒకనాటి సాయంత్రం మా చెల్లెలి కొడుకు ఇంటికొచ్చాడు. మూడెకరాల మెట్ట ఉంది వాడికి. ఏటా శెనక్కాయ వేస్తాడు. వరసగా రెండేండ్లు వాన మోసం చేసింది. అరుగు మీద కూచుని, "మామా, ఈసారి శెనక్కాయ మానేసి జనపనార వేద్దామని ఉంది" అన్నాడు.

"వెయ్యి నాయనా, మీ తాత వేసిందే కదా" అన్నాను నేను.

నా మనసులో మెదిలింది జనుము. మా నాయన చెరువు కింద కయ్యలో జనుము చల్లేవాడు. మనిషెత్తు పెరిగి పసుపుపచ్చగా పూసేది. కోసి, మోపులు కట్టి, కుంట నీళ్ళలో నానేసి, పైన రాళ్ళు పెట్టేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ కుంట దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాల్సిందే. అట్లా మురిగిన కట్టెను నీళ్ళలోనే బాది, ఒలిచి, జాడించి, ఎండలో ఆరేస్తే తెల్లగా మెరిసే నార. ఆ నారతో ఎద్దుల మెడకు పలుపులు, పగ్గాలు, కపిల బావికి మోకులు పేనేవాళ్ళు. పురి ఎక్కించేటప్పుడు ఆ కొసన నేను పట్టుకుని నిలబడేవాణ్ణి. అరచేతులు మండేవి. నాకు తెలిసిన జనపనార అదీ.

మావాడు ఫోను తీశాడు. "మా తాత వేసింది కాదు మామా, ఇది ఇండస్ట్రియల్. విత్తనం వాళ్ళే పంపుతారంట, పంట వాళ్ళే కొంటారంట" అన్నాడు. తెర మీద తెలుగు అక్షరాలు: పారిశ్రామిక జనపనార. కింద ఒక ఆకు బొమ్మ. ఏడు వేళ్ళు చాచిన ఆకు. ప్రతి వేలి అంచునా రంపపు పళ్ళు.

నా గుండె జల్లుమంది. అది గంజాయి ఆకు.

వాడు అబద్ధం చెప్పలేదు. ఆ రాసినవాడు కూడా కావాలని మోసం చేశాడో లేదో నేను చెప్పలేను. చిక్కంతా మాటలో ఉంది. ఇంగ్లీషులో హెంప్ అనే మాట ఒకటుంది. నారనిచ్చే మొక్క కనబడితే చాలు, దొరలు ఆ పేరు తగిలించారు. మన జనుము వాళ్ళకు సన్ హెంప్. మన గోగు వాళ్ళకు డెక్కన్ హెంప్. మన పొలాల గట్ల మీద ముళ్ళతో నిలబడే కిత్తనార వాళ్ళకు సైసల్ హెంప్. వీటిలో ఏ ఒక్కటీ గంజాయికి చుట్టం కాదు. జనుము మన ఉలవకూ కందికీ చుట్టం. గోగు బెండకూ పత్తికీ చుట్టం. గోగు ఆకు కూడా వేళ్ళు చాచినట్టే ఉంటుంది. శాస్త్రజ్ఞులు దాని పేరులోనే గంజాయిని పోలినది అనే అర్థం పెట్టారు. అయినా అది మనం పచ్చడి నూరుకునే గోంగూర జాతి. భయం లేదు.

కానీ ముందు ఏ మాటా తగిలించకుండా ఉత్త హెంప్ అన్నా, ఇండస్ట్రియల్ హెంప్ అన్నా అది అచ్చంగా గంజాయి జాతి మొక్కే. ఆ ఇంగ్లీషు మాటను తెలుగులోకి మార్చేటప్పుడు జనపనార అని రాసేస్తున్నారు. పత్రికల్లో రాస్తున్నారు, ఫోన్లలో వస్తోంది. చదివిన రైతు తన తాత వేసిన జనుము అనుకుంటాడు. అందుకే మళ్ళీ చెబుతున్నాను, గుర్తు పెట్టుకోండి. జనుము వేరు. గోగు వేరు. పారిశ్రామిక జనపనార అని ఈ మధ్య చెబుతున్నది గంజాయి జాతి మొక్క.

మరి దాన్ని పారిశ్రామికం అని ఎందుకంటున్నారు? అందులోనూ నిజముంది. ఈ మొక్క కాండం నుంచి గట్టి నార వస్తుంది. గింజ నుంచి నూనె, పిండి వస్తాయి. పూతలో మాత్రం మత్తు ఉంటుంది. ఆ మత్తు పదార్థాన్ని టి.హెచ్.సి. అంటారు. మత్తు బాగా తక్కువగా ఉండే రకాలను వేరుచేసి, వాటికి పారిశ్రామికం అని పేరు పెట్టారు. ఎంత తక్కువ? నూటికి 0.3. అంటే వంద కిలోల ఎండు సరుకులో మూడు వందల గ్రాములు దాటకూడదు. అమెరికాలో 2018 వ్యవసాయ చట్టం ఈ గీత గీసింది. మన ఉత్తరాఖండ్ కూడా ఈ గీతే పెట్టుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ 0.3 కంటికి కనబడదు. ఆకు చూసి చెప్పలేరు. వాసన చూసి చెప్పలేరు. ప్రయోగశాలలో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పైగా అది నిలకడగా ఉండేది కాదు. పూత ముదిరేకొద్దీ మత్తు పెరుగుతుంది. అమెరికాలో కోతకు ముందు 30 రోజుల లోపల నమూనా తీసి పరీక్షించాలని నియమం పెట్టింది అందుకే. గీత దాటితే ఆ పంటను అట్లాగే అమ్మనివ్వరు. ఒక చోట తక్కువ మత్తు చూపిన విత్తనం మన ఎండకు, మన ఎర్రనేలకు ఎట్లా వస్తుందో, ఇక్కడ వేసి పరీక్ష చేయకుండా ఎవరు హామీ ఇస్తారు?

ఇప్పుడు చట్టం సంగతి. నేను చాలా ఏండ్లు వకీలు వృత్తిలో ఉన్నవాణ్ణి. సెక్షన్ల నంబర్లు ఎక్కువ చెప్పి మిమ్మల్ని విసిగించను. రెండే చెబుతాను.

మన దేశంలో ఈ మొక్కకు సంబంధించిన చట్టం 1985 నాటిది. మాదకద్రవ్యాల చట్టం. పోలీసులూ వకీళ్ళూ ఎన్.డి.పి.ఎస్. అంటారు. ఆ ఏడాది నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టం మొక్కలో మత్తు ఎక్కువా తక్కువా అని చూడదు. గంజాయి జాతి మొక్క ఏదైనా గంజాయి మొక్కే అంటుంది. 8వ సెక్షన్ దాన్ని సాగు చేయకూడదంటుంది. వైద్యానికీ శాస్త్ర పరిశోధనకూ ప్రభుత్వ అనుమతితో వేసేది వేరే సంగతి.

అదే చట్టంలో ఒక చిన్న తలుపు ఉంది. అది 14వ సెక్షన్. నార కోసం గానీ, గింజ కోసం గానీ, తోటపని కోసం గానీ ఈ మొక్కను సాగు చేసుకోవడానికి ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వవచ్చు, షరతులు పెట్టవచ్చు అంటుంది. ప్రభుత్వం అంటే కేంద్రమైనా కావచ్చు, రాష్ట్రమైనా కావచ్చు. దీనికి వెనక ఒక ప్రపంచ ఒప్పందం ఉంది. 1961లో చాలా దేశాలు కలిసి మత్తుమందుల మీద చేసుకున్న ఒప్పందం. నారకూ గింజకూ వేసే పంటకు ఈ కట్టడి వర్తించదని అందులోనే రాసుకున్నారు. మన 14వ సెక్షన్‌లోనూ ఆ మాటే కనబడుతుంది.

అంటే ఏమన్నమాట? తలుపు ఉంది. తాళం ప్రభుత్వం చేతిలో ఉంది. ఉత్తర్వు వస్తే తలుపు తెరుచుకుంటుంది. ఉత్తర్వు లేకపోతే, మీ విత్తనంలో మత్తు సున్నా అని ఎవరు చెప్పినా, అది చట్టం లెక్కలో గంజాయి సాగే. శిక్ష 10 ఏండ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక మొక్కా, వంద మొక్కలా అని సాగు విషయంలో ఆ శిక్షకు లెక్క లేదు.

కాగితం ముందు, విత్తనం వెనక. మావాడికి ఆ రోజు నేను ఇదే మాట పదిసార్లు చెప్పాను. మీకూ చెబుతున్నాను.

అప్పుడు మావాడు ఒక మంచి ప్రశ్న అడిగాడు. "మామా, బెంగళూరులో హెంప్ చొక్కాలు అమ్ముతున్నారు. హెంప్ గింజలు పొట్లాల్లో అమ్ముతున్నారు. నేను కళ్ళారా చూసినా. వాళ్ళను ఎవరూ పట్టుకోలేదే?"

నిజమే. ఎవరూ పట్టుకోరు. ఎందుకంటే చట్టం గంజాయి అని చెప్పేది పూతను, కాయ పట్టిన కొసలను. పూత కలవని గింజ ఆ మాటలోకి రాదు. నారతో నేసిన బట్టలో మత్తు లేదు. ఇక తినే గింజ సంగతి. 2021 నవంబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ., హెంప్ గింజనూ, గింజ నూనెనూ, గింజ పిండినీ ఆహారంగా ఒప్పుకుంది. వాటిలో మత్తు ఎంత మించకూడదో హద్దు పెట్టింది. పొట్లం మీద మత్తు వస్తుందని ఊరించే మాట ఉండకూడదంది. అమ్మేవాడికి ఆహార లైసెన్సు ఉండాలి. ఇదే మొక్క ఆకుతో విజయ అనే పేరున ఆయుర్వేదంలో మందులున్నాయి. అవి చేసేవాడికి మందుల లైసెన్సు, వాడేవాడికి వైద్యుని చీటీ కావాలి.

కాబట్టి అమ్మకం వేరు. సాగు వేరు. అంగట్లో పొట్లం దొరికింది కదా అని పొలంలో చల్లితే, అంగడివాడి లైసెన్సు మన పొలానికి పనికిరాదు. ఈ ఒక్క ముక్క మావాడికి బుర్రకెక్కడానికి అరగంట పట్టింది. వాడి తప్పు కాదు. తినడానికి ఒప్పుకున్న గింజను వేయడానికి ఒప్పుకోరా అని ఎవరికైనా అనిపిస్తుంది.

దేశంలో ఈ తలుపు ఎక్కడ తెరిచారో కూడా చెబుతాను. ఉత్తరాఖండ్ కొండల్లో ఈ మొక్క కొత్తది కాదు. అక్కడి ఇళ్ళలో ఆ గింజలు వేయించి, నూరి చట్నీ చేసుకుంటారు. మనకు నువ్వుల పొడి ఎట్లాగో వాళ్ళకది అట్లా. ఆ నారతో తాళ్ళు పేనుకున్నారు, ముతక బట్ట నేసుకున్నారు. ఆ రాష్ట్రం 2018లో పారిశ్రామిక సాగుకు లైసెన్సు ఇచ్చింది. దేశంలో అదే మొదటిది. పక్కనున్న హిమాచల్ ఇంకా నెమ్మదిగా అడుగేసింది. రెవెన్యూ మంత్రి అధ్యక్షతన సంఘం వేసి, రైతులతో మాట్లాడి, 2024 సెప్టెంబరులో శాసనసభలో నివేదిక ఆమోదించుకుంది. 2025 జనవరిలో పాలంపూర్, నౌణీ విశ్వవిద్యాలయాలకు ముందు ప్రయోగంగా వేసి చూడమని అప్పగించింది. నాకు ఈ పద్ధతి నచ్చింది. ముందు విశ్వవిద్యాలయం మడిలో వేయాలి. అక్కడ నిలిస్తే రైతు మడిలోకి రావాలి. నష్టం వస్తే భరించగలిగిన వాడి దగ్గర మొదలు కావాలి.

మా చుట్టుపక్కల, ఇటు కర్ణాటకలో గానీ అటు అనంతపురం వైపు గానీ, అట్లాంటి లైసెన్సు కాగితం ఒక్క రైతు చేతిలోనూ నేను చూడలేదు.

ఇప్పుడు నన్ను ఇంతగా భయపెట్టే సంగతి చెబుతాను. చాలా ఏండ్ల కిందట ఒక కేసులో ఒక ముసలాయన నిలబడ్డాడు. ఊరు చెప్పను, పేరు చెప్పను. శెనక్కాయ చేను, మధ్యలో కంది సాళ్ళు. కంది ఏపుగా పెరిగిన చోట, బయటికి కనబడకుండా, కొన్ని గంజాయి మొక్కలు. వేసింది ఆయన కాదంటాడు. పక్క ఊరివాడెవడో వచ్చి, ఇవి మందు చెట్లు, ఉండనీ పెద్దాయనా అని చెప్పి నాటాడంట. "సామీ, ఆ చెట్లకు నేను చెంబు నీళ్ళు కూడా పోయలేదు" అన్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి అట్లాగే ఉంది. చేతులు జోడించి ఉన్నాడు. ఆ చేతులు నాకిప్పటికీ కనబడతాయి. బెయిలు వచ్చేసరికి శెనక్కాయ పీకే అదను దాటిపోయింది. కాయ భూమిలోనే మొలకెత్తింది.

ఆయనకు ఒక సంగతి తెలియదు. మన పొలంలో ఈ మొక్కను ఎవరు వేసినా, అది మన కంటబడితే వెంటనే పోలీసులకో, ఎక్సైజ్ వాళ్ళకో చెప్పాల్సిన బాధ్యత భూమి గలవాడిదే. తెలిసి చెప్పకపోతే అదీ నేరమే. పంచాయతీ పెద్దలకూ గ్రామాధికారులకూ ఇదే బాధ్యత ఉంది. ఎవరో వేశారని మాట దాచిపెడితే మన మెడకే చుట్టుకుంటుంది. కౌలుకిచ్చిన భూమైనా, బీడు పడిన భూమైనా అప్పుడప్పుడూ ఒక చుట్టు తిరిగి రండి. మాదకద్రవ్యాల సంగతి చెప్పడానికి దేశమంతటికీ ఒక ఫోను నంబరుంది: 1933. ఇంకోసారి చెబుతాను, 1933.

విశాఖ మన్యంలో ఏం జరిగిందో మీరు వినే ఉంటారు. 2021 చివర ఆంధ్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన అని పేరు పెట్టి వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి కాల్చారు. ఆ పొగ వెనక ఉన్న కథ నన్ను బాధపెడుతుంది. విత్తనం ఇచ్చేవాడు, పెట్టుబడి పెట్టేవాడు బయటినుంచి వస్తాడు. లారీ వస్తుంది, పోతుంది. పొలం మాత్రం కదలదు. పొలం గలవాడూ కదలలేడు. కష్టం వచ్చినప్పుడు దొరికేది వాడే.

మా తాలూకా వాళ్ళకు కాగితం విలువ తెలియదని నేననను. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం వైపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2,050 మెగావాట్ల పార్కు. రైతులు భూమి అమ్మలేదు, గుత్తకు ఇచ్చారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకోసారి నూటికి 5 పెంపు. ఈ లెక్క అక్కడ చదువురాని అవ్వనడిగినా చెబుతుంది. ఎందుకు? కాగితం మీద ఉంది కాబట్టి. గుత్త కాగితాన్ని అంత పట్టుగా అడిగి చదివించుకున్న మనం, విత్తనం దగ్గర మాత్రం ఫోనులో వచ్చిన బొమ్మను నమ్ముతామా?

నేను ఈ పంటకు శత్రువును కాను. ఈ మాట గట్టిగా చెప్పాలి. వెయ్యి అడుగులు తవ్వినా నీళ్ళు పడని బోర్లు మా దగ్గర ఉన్నాయి. శెనక్కాయ ఒక్కదాన్నే నమ్ముకుని ఎన్ని ఇళ్ళు బెంగళూరు కూలికి వలసపోయాయో నాకు తెలుసు. నారకు, గింజకు నిజంగా గిరాకీ ఉంటే, అది మా మెట్టకు తగినదైతే, 14వ సెక్షన్ తలుపు మా రైతుకూ తెరవాలి. కానీ తెరిచే పద్ధతిలో తెరవాలి. బెంగళూరు జి.కె.వి.కె. వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట ముందు వేసి చూడాలి. విత్తనం ప్రభుత్వం పరీక్షించినదై ఉండాలి. కోతకు ముందు పరీక్ష చేసే ప్రయోగశాల మనకు అందుబాటులో ఉండాలి. గీత దాటిన పంటను తగలబెట్టాల్సి వస్తే ఆ నష్టం ఎవరిదో ముందే రాసి ఉండాలి. ఈ చివరి మాట ఎవరూ ఎత్తరు. రైతు అడగాల్సింది మొదట అదే.

అంతవరకు, జనుముకు ఏ కాగితమూ అక్కర్లేదు. గోగుకు అక్కర్లేదు. జనుము పూతకు వచ్చినప్పుడు పచ్చిరొట్టగా దున్నేస్తే నేలకు నత్రజని చేరుతుంది. శెనక్కాయ, శెనక్కాయ అంటూ పిండుకున్న నేలకు అది తల్లిపాలు లాంటిది. రైతు సంపర్క కేంద్రంలో అడగండి, విత్తనం సంగతి చెబుతారు.

మావాడు ఆ రాత్రి భోంచేసి పోతూ పోతూ ఆ విత్తనం వాళ్ళకు ఫోనులోనే ఒక మాట రాశాడు. నేనే చెప్పి రాయించాను. "అయ్యా, మా జిల్లాలో ఈ సాగుకు ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు నంబరు, తేదీ పంపండి. అది చూసి డబ్బు కడతాను." అంతే రాశాడు.

జవాబు ఇంతవరకు రాలేదు. తొలకరికి వాడు ఒక ఎకరంలో జనుము చల్లాడు. మొన్న చూడ్డానికి పోయాను. నడుమెత్తు దాటింది. అక్కడక్కడా పసుపు పూలు తొంగిచూస్తున్నాయి. "దున్నేస్తావా, నారకు ఉంచుతావా నాయనా?" అని అడిగాను.

"సగం దున్నేస్తా మామా, సగం ఉంచుతా. పగ్గం పేనడం నువ్వు నేర్పించాల" అన్నాడు.